మూడుసార్లూ అదే చోట నెమ్ము: టీబీ అనుకున్న ఒక కేసు

ఈ కేసు రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. రాయకపోవడానికి కొంత బద్ధకం, కొంత సిగ్గు. సిగ్గెందుకో మధ్యలో చెప్తాను. పేషెంటు ఒప్పుకున్నాకే రాస్తున్నాను, ఆమెను గుర్తుపట్టే వివరాలు ఒకట్రెండు మార్చాను, వైద్యానికి సంబంధించినవి మార్చలేదు.

34 ఏళ్ల ఆవిడ, ఖమ్మం వైపు పల్లె. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఇంట్లో ఎవరూ బీడీ, సిగరెట్ తాగరు, వంట గ్యాస్ మీదే. షుగర్ లేదు, బీపీ లేదు, చిన్నప్పుడు ఆస్తమా ఉందని ఎవరూ చెప్పలేదు. మంచి వర్షాల్లో వచ్చింది, వాళ్ల అన్నని వెంటబెట్టుకుని. పన్నెండు రోజులుగా దగ్గు, పచ్చగా చిక్కటి తెమడ, సాయంత్రమైతే జ్వరం, కుడి వైపు మెడ ఎముక కింద నొప్పి, రెండుసార్లు తెమడలో నెత్తురు చారలు. చేతిలో పెద్ద పాలిథిన్ కవరు, అందులో అయిదేళ్ల ఎక్స్‌రేలు, ఒక సీటీ స్కాన్ ఫిల్ములు, ఎవరూ తెరవని ఒక సీడీ.

కూర్చోగానే ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట: "మళ్లీ టీబీ అంటరా సార్?"

అడగడంలో తప్పులేదు, ఎందుకంటే ఇది మూడోసారి. అయిదేళ్ల కింద మొదటిసారి ఇలాగే దగ్గు, జ్వరం వస్తే ఎక్స్‌రేలో కుడివైపు పైభాగంలో మచ్చ కనిపించింది. తెమడ పరీక్ష రెండుసార్లు చేస్తే క్రిములు కనపడలేదు, అయిదు రోజులు యాంటీబయాటిక్ వాడితే పూర్తిగా తగ్గలేదు, టీబీ మందులు మొదలుపెట్టారు. ఆరు నెలలు ఒక్క రోజు తప్పకుండా వేసుకుంది. దగ్గు పోయింది, నాలుగు కేజీలు పెరిగింది, అందరూ సంతోషించారు. రెండేళ్లకి మళ్లీ అదే. ఈసారి సీబీనాట్, అంటే తెమడలో టీబీ క్రిమి జన్యువుని వెతికే పరీక్ష, చేశారు, నెగెటివ్ వచ్చింది. సీటీ తీశారు, రిపోర్టులో "కుడి అప్పర్ లోబ్‌లో పాత కాక్స్ తాలూకు మార్పులు, మళ్లీ యాక్టివ్ అయి ఉండవచ్చు" అని ఉంది. అప్పర్ లోబ్ అంటే ఊపిరితిత్తి పైభాగం, కాక్స్ అంటే డాక్టర్ల భాషలో టీబీ. మరో ఆరు నెలల కోర్సు. ఈసారి మందులు పడలేదు, మొదటి రెండు నెలలు వాంతులు, కీళ్ల నొప్పులు, మిషన్ తొక్కలేకపోయింది.

ఇప్పుడు నా సిగ్గు సంగతి. ఆ రెండో కోర్సు మధ్యలో, వాంతులు తట్టుకోలేక, ఆమె నా దగ్గరికే వచ్చింది. ఓపీలో బయట అరవై మంది. సీటీ ఫిల్ముని ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి పట్టుకుని చూశాను, రిపోర్టు చదివాను, లివర్ పరీక్షలు రాశాను, అవి బాగానే వచ్చాయి, చీటీ మీద "అవే మందులు కొనసాగించాలి" అని రాసి పంపేశాను. ఆ చీటీ కూడా కవర్లో ఉంది, నా సంతకంతో. ఆమెకి గుర్తుందో లేదో, మూడోసారి వచ్చినప్పుడు ఆ మాట ఎత్తలేదు. నేనే చూసుకున్నాను.

పరీక్షకి వస్తే జ్వరం 101, ఆక్సిజన్ 96, గోళ్లు ఉబ్బలేదు. కుడివైపు మెడ ఎముక కింద స్టెతస్కోప్ పెడితే చిటపటలు, మిగతా ఛాతీ అంతా శుభ్రం. పిల్లికూతలు లేవు. తెల్లకణాలు 14,800. హెచ్‌ఐవీ నెగెటివ్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.4, మామూలే. తెమడ సీబీనాట్ మళ్లీ నెగెటివ్. ఊదే పరీక్ష, అంటే స్పైరోమెట్రీ, జ్వరం తగ్గాక చేయించాను, నార్మల్.

నన్ను ఆపింది ఇవేవీ కాదు, ఎక్స్‌రేలు. వరసగా లైట్‌బాక్స్ మీద తగిలించాను. మూడు జబ్బుల మూడు ఎక్స్‌రేలు, ఒకే రబ్బరు స్టాంపు మూడుసార్లు వేసినట్టు ఒకే చోట ఒకే ఆకారం. వాటి మధ్య తీసిన ఎక్స్‌రేల్లో ఆ చోటు దాదాపు తేటగా ఉంది, సన్నటి గీతలు రెండు తప్ప. టీబీ ఒక చోట ఇల్లు కట్టుకుంటే అంత శుభ్రంగా ఖాళీ చేసి వెళ్లడం తక్కువ. గుంత పడుతుంది, ముడుచుకుపోతుంది, గొట్టాన్ని తన వైపు లాగుతుంది. ఇక్కడ ట్రాకియా, అంటే గొంతు నుంచి ఛాతీలోకి దిగే పెద్ద గాలి గొట్టం, ఉన్నచోటే నిటారుగా ఉంది.

మన దగ్గర అప్పర్ లోబ్‌లో మచ్చ అంటే ముందు టీబీ అనుకోవడం సరైన పద్ధతే, దాన్ని నేను తప్పుపట్టను, రేపు మరో పేషెంటు వచ్చినా ముందు టీబీకే వెతుకుతాను. కానీ రుజువు దొరక్కుండా ఒకసారి మందులిచ్చాక, రెండోసారి కూడా రుజువు లేకుండా అదే చోట వచ్చినప్పుడు, "ఏ క్రిమి" అన్న ప్రశ్న పక్కన పెట్టి "ఈ చోటే ఎందుకు" అని అడగాలి. ఊరంతటికీ కరెంటు ఉండి ఒక్క ఇంట్లోనే మాటిమాటికీ ఫ్యూజు పోతుంటే ఆ ఇంటి వైరింగ్ చూస్తాం కదా.

అదే చోట మళ్లీ మళ్లీ నెమ్ము వస్తే నా బుర్రలో తిరిగేవి కొన్ని ఉంటాయి: గొట్టంలో ఇరుక్కున్న వస్తువు (వక్కముక్క, చింతగింజ, పిన్ను, ఈమె టైలర్, నోట్లో పిన్నులు పెట్టుకునే అలవాటు ఉందా అని అడిగాను, "సూది పెట్టుకుంటా గానీ మింగలే సార్" అంది), లోపల పెరిగే కార్సినాయిడ్ లాంటి గడ్డ, బయట నుంచి నొక్కే లింఫ్ గ్రంథి, ఆస్పర్‌జిల్లస్ ఫంగస్‌కి ఎలర్జీ. ఫంగస్ కోసం ఐజీఈ అనే ఎలర్జీ రక్తపరీక్ష చేయించాను, మామూలుగా ఉంది. పుట్టుకతో వచ్చే తేడాలు నా జాబితాలో అట్టడుగున ఉన్నాయని ఒప్పుకుంటాను. 34 ఏళ్ల మనిషిలో పుట్టుకలోపం ఎవరు వెతుకుతారు?

బ్రాంకోస్కోపీ పెట్టాం, అంటే సన్నటి కెమెరా స్కోపుతో గాలి గొట్టాల్లోకి చూడటం. స్వరతంత్రులు దాటి ట్రాకియాలోకి దిగితే మామూలుగా ముందు వైపు వరసగా మృదులాస్థి ఉంగరాలు, కింద దూరంగా గొట్టం రెండుగా చీలే అంచు, అదే కారినా, కత్తి అంచులా కనిపిస్తుంది. దాని దాకా గోడలు నున్నగా ఉండాలి. ఈమెకి కారినా ఇంకా కిందనే ఉండగా కుడి గోడ మీద ఒక రంధ్రం. ముందు నేను అది పుండు పడి చిల్లు అయిందనుకుని భయపడ్డాను. ఆమె దగ్గింది, ఆ రంధ్రంలోంచి పచ్చటి చీము బుడగలా ఉబ్బి పగిలి కిందికి జారింది. సక్షన్‌తో లాగేసి చూస్తే అంచులు నున్నగా, గులాబీ రంగులో, చుట్టూ చక్కటి మృదులాస్థి. పుండు కాదు, చిల్లు కాదు, అది అక్కడే పుట్టిన ద్వారం. కారినాకి సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల పైన. మా స్కోపు అందులోకి దూరలేదు, అంత ఇరుకు.

కిందికి దిగి కుడి ప్రధాన గొట్టంలోకి వెళ్తే అప్పర్ లోబ్ ద్వారం ఉండాల్సిన చోటే ఉంది. అందులోకి తొంగి చూస్తే మామూలుగా మూడు చిన్న ద్వారాలు బెంజి కారు గుర్తులా కనబడతాయి, బ్రాంకోస్కోపీ నేర్చుకునేవాళ్లకి మొదటి రోజే చెప్పే గుర్తు అది. ఈమెకి రెండే. పై కొనకి, అంటే ఏపికల్ సెగ్మెంట్‌కి, వెళ్లాల్సిన మూడోది లేదు. అది పైకెక్కి ట్రాకియా గోడలో తెరుచుకుంది.

దీన్ని ట్రాకియల్ బ్రాంకస్ అంటారు. 1785లోనే సాండిఫోర్ట్ అనే డచ్ అనాటమిస్టు కుడి అప్పర్ లోబ్ గొట్టం నేరుగా ట్రాకియా నుంచి బయల్దేరడం గురించి రాశాడు. ఎక్కువగా కుడివైపే ఉంటుంది, నూటికి 0.1 నుంచి 2 మంది దాకా ఉండొచ్చని లెక్కలు. అంటే మనం అనుకున్నంత అరుదు కాదు, చూడకపోవడం వల్ల అరుదు. ఉన్న గొట్టమే చోటు మారి ట్రాకియాకి అతుక్కుంటే ఒక రకం, ఈమెది అదే, ఇదే ఎక్కువ. మామూలు మూడూ ఉండి నాలుగోది అదనంగా ఉంటే ఇంకో రకం, అది కొన్నిసార్లు ఊపిరితిత్తికి చేరకుండా సంచిలా మూసుకుపోతుంది. తల్లి కడుపులో నాలుగో వారంలో ఊపిరితిత్తుల మొగ్గ మొదలై కొమ్మలు వేస్తుంది, ఆ కొమ్మలు వేసే చోటులో తేడా. ఎందుకు అన్నదానికి మూడు నాలుగు సిద్ధాంతాలున్నాయి, క్లినిక్‌లో వాటితో పనిలేదు. చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ ఉండదు, వేరే దేనికో సీటీ తీస్తే బయటపడుతుంది. ద్వారం ఇరుకుగా ఉన్నా, గొట్టం పదునైన కోణంలో తిరిగినా మాత్రం తెమడ బయటికి రాదు, నిలవ నీటిలో దోమల్లా క్రిములు పెరుగుతాయి, మళ్లీ మళ్లీ నెమ్ము, కొన్నాళ్లకి ఆ గొట్టాలు సాగి వదులై బ్రాంకియెక్టసిస్. ఎక్స్‌రేలో నేను చూసిన ఆ రెండు గీతలు అవే.

ఆ సాయంత్రం సీడీ తెరిచాను. ఫిల్ము మీద ఒక షీటుకి పదహారు బొమ్మలు, ఒక్కొక్కటి అగ్గిపెట్టెంత. రంధ్రం రెండే రెండు బొమ్మల్లో ఉంది, ట్రాకియా కుడి అంచున చిన్న నల్ల తోకలాగా. గబగబా చూస్తే ట్రాకియా కాస్త సొట్టగా ఉందనుకుంటాం. అదే సీడీలో బొమ్మని నిలువుగా తిప్పి, ఎదురుగా నిలబడ్డ మనిషిలా పెట్టి చూస్తే, కారినాకి పైన కుడివైపు మొటిక విరిచినట్టు పక్కకి పోతున్న కొమ్మ, దాచినా దాగదు. మూడేళ్లు అది ఆ కవర్లోనే ఉంది. దాదాపు ఆ మూడేళ్లూ నా చీటీ పక్కనే.

ఆమెకి, వాళ్ల అన్నకి విషయం చెప్పేటప్పుడు కాగితం మీద వై ఆకారం గీసి, కుడి కొమ్మకి పైన, మొదట్లోనే, ఇంకో చిన్న కొమ్మ గీశాను. పుట్టుకతోనే ఇలా ఉంది, టీబీ కాదు అన్నాను. అన్నకి మటన్ కొట్టు ఉంది, ఆ సంగతి నాకు అప్పటికి తెలీదు. కాగితం తన వైపు తిప్పుకుని చూసి, "మేకకి అట్లనే ఉంటది గద సార్. కుడి దిక్కు, చీలకముందే పిల్ల గొట్టం ఒకటి పైకి పోతది. రోజూ కోస్తం" అన్నాడు. నిజమే. మేక, గొర్రె, ఆవు, పంది, వీటన్నిటికీ కుడి పైభాగానికి గాలి నేరుగా ట్రాకియా నుంచే పోతుంది, అది వాటికి మామూలు. అసలు ఇంగ్లిషులో దీనికి పిగ్ బ్రాంకస్ అనే పేరు కూడా ఉంది, మొత్తం అప్పర్ లోబ్ గొట్టమే పైకెక్కితే అలా అంటారు. ఆ పేరు నేను ఆమెకి చెప్పలేదు. మేక అంటే ఆమె నవ్వింది, నా ముందు నవ్వడం అదే మొదలు.

తర్వాత అన్న అడిగిన ప్రశ్న ఇంకా గట్టిది: "టీబీ కాకుంటే ఆ మందులకి ఎట్ల తగ్గింది సార్?"

ఇది నన్ను కూడా కొన్ని రోజులు కుదిపింది. బ్రాంకోస్కోపీలో తీసిన నీళ్లలో సీబీనాట్ నెగెటివ్, టీబీ కల్చర్ ఆరు వారాలు పెట్టినా ఏమీ పెరగలేదు, మామూలు కల్చర్‌లో హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. (పేరులో ఫ్లూ ఉంది గానీ ఇది బాక్టీరియా, 1892లో ఫైఫర్ ఫ్లూ దీనివల్లే వస్తుందనుకున్నాడు, పేరు అలా అంటుకుపోయింది.) టీబీ కోర్సులోని రిఫాంపిసిన్ ఒక్క టీబీనే చంపే మందు కాదు. హీమోఫిలస్ మీద కూడా పనిచేస్తుంది, దాని బి రకంతో పిల్లలకి మెదడు పొరల వాపు (మెనింజైటిస్) వస్తే ఇంట్లోవాళ్లకి ముందుజాగ్రత్తగా ఇచ్చేది రిఫాంపిసినే. అంటే ఆరు నెలల కోర్సులో మొదటి కొన్ని రోజుల్లోనే ఆమె నెమ్ము తగ్గిపోయి ఉంటుంది, మిగతా అయిదున్నర నెలలు ఊరికే మింగింది. మందుకి తగ్గింది కాబట్టి టీబీయే అని డాక్టర్లం అనుకున్నాం. ఇలా మందిచ్చి, తగ్గడాన్ని బట్టి జబ్బు పేరు పెట్టడంలో ఎంత మోసం ఉందో చదువుకునే రోజుల్లో వినే ఉంటాం, ఒంటికి పట్టలేదు. దీనికి ఎదురు మోసం కూడా ఉంది: టీబీ అనుమానం ఉన్నచోట లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే అది టీబీని కొన్నాళ్లు అణిచిపెట్టి, పరీక్షల్లో దొరక్కుండా చేస్తుంది. నిమోనియాకి తగ్గింది అనుకుంటాం.

వైద్యం చెప్పుకోదగ్గంత గొప్పది కాదు. అమాక్సిసిలిన్-క్లావులనేట్ 14 రోజులు, మూడో రోజుకి జ్వరం పోయింది. ఫిజియోథెరపిస్టు దగ్గర కూర్చుని కాస్త వెనక్కి వాలి లోతుగా ఊపిరి తీసుకుని "హఫ్" అని ఊది తెమడ తెచ్చుకోవడం నేర్చుకుంది, పై కొనలో ఉన్న భాగం కాబట్టి కూర్చునే చేయాలి, బోర్లా పడుకుని చేసేది దీనికి పనికిరాదు. రోజుకి రెండు పూటలు, జలుబు చేసిన వారం నాలుగు పూటలు. 3 శాతం సెలైన్‌తో నెబ్యులైజర్. న్యుమోకాకల్ టీకా, ఏడాదికోసారి ఫ్లూ టీకా. మళ్లీ మళ్లీ వస్తే ఆ సెగ్మెంటునో, లోబ్‌నో గొట్టంతో సహా తీసేసే ఆపరేషన్ ఉంటుందని చెప్పి థొరాసిక్ సర్జన్‌కి ఒకసారి చూపించాను. ఆయన, ఇప్పుడే వద్దు, ఏడాదికి రెండుసార్ల కంటే ఎక్కువ వస్తేనో, నెత్తురు ఎక్కువ పడితేనో రండి అన్నారు. నాకూ అదే సరైందనిపించింది.

అయితే ఆమె అడిగింది మందులు కాదు, ఒక కాగితం. "టీబీ లేదు అని తెలుగుల రాసియ్యి సార్" అంది. అయిదేళ్లుగా ఇంట్లో ఆమె కంచం, గ్లాసు వేరు. పిల్లలు ఆమె పక్కన పడుకోరు. టీబీ ఉన్నా మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే అంటించే గుణం చాలామటుకు పోతుందని, కంచాలు వేరు పెట్టాల్సిన పనే లేదని ఆ ఇంట్లో ఎవరూ చెప్పినట్టు లేరు. చెప్పాల్సింది నేను కూడా. లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు తెలుగులో రాసి ముద్ర వేసి ఇచ్చాను. వాళ్ల అత్తగారు దాన్ని పక్కింటావిడతో చదివించుకుందట.

రెండో కాగితం ఒకటి నేనే ఇచ్చాను, అదే ఎక్కువ పనికొచ్చింది. ఇంగ్లిషులో సగం పేజీ, బొమ్మతో సహా, లామినేషన్ చేయించి: ఈమె ట్రాకియా కుడి గోడలో కారినాకి 1.5 సెంటీమీటర్ల పైన ఒక బ్రాంకస్ ఉంది, మత్తు ఇచ్చేవాళ్లు గమనించాలి. ఎందుకంటే మత్తులో ఊపిరి కోసం ట్యూబ్ వేసినప్పుడు దాని కొన గానీ బెలూన్ గానీ ఆ ద్వారానికి అడ్డం పడితే ఆ భాగానికి గాలి అందదు, ముడుచుకుపోతుంది, ఆక్సిజన్ పడిపోతుంది, ట్యూబ్ సరిగ్గానే ఉంది కదా అని అందరూ బుర్ర గోక్కుంటారు. ఇంకా కిందికి పోతే ఆ రంధ్రంలోకే దూరొచ్చు కూడా.

ఏడాదిన్నర తర్వాత గాల్‌బ్లాడర్‌లో రాళ్లకి ల్యాపరోస్కోపీ అవసరమైంది, వేరే ఊళ్లో. ఆ కాగితం చూసి అక్కడి అనస్థటిస్టు, అంటే మత్తు డాక్టరు, నాకు ఫోన్ చేశారు. ఇద్దరం పావుగంట మాట్లాడుకున్నాం. ట్యూబ్ కొన మామూలుగా కారినాకి మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల పైన ఉంటుంది కాబట్టి పైకి చూస్తే చోటు చాలు. కానీ తల ముందుకి వంచితే ట్యూబ్ కిందికి దిగుతుంది, దానికి తోడు ల్యాపరోస్కోపీలో కడుపులోకి గ్యాస్ నింపగానే డయాఫ్రమ్, అంటే ఛాతీకి కడుపుకి మధ్య ఉండే కండరం, పైకి లేచి కారినాని కూడా పైకి నెడుతుంది. అంటే రెండూ ఒకదాని వైపు ఒకటి కదులుతాయి. ఆయన ట్యూబ్‌ని అవసరానికి మించి దింపకుండా పళ్ల దగ్గర 19 సెంటీమీటర్ల గీత మీద కట్టి, సన్నటి స్కోపుతో ఒకసారి చూసి, గ్యాస్ నింపాక మళ్లీ చూశారు. రెండోసారి చూసినప్పుడు రంధ్రం ట్యూబ్ కొనకి బాగా దగ్గరికి వచ్చిందట, మూసుకోలేదు. "లెటర్ లేకపోతే రెండోసారి చూసేవాణ్ణి కాదు" అన్నారు. ఆపరేషన్ అయింది, మూడో రోజు ఇంటికెళ్లింది.

ఇప్పుడు పరిస్థితి: బ్రాంకోస్కోపీ అయి మూడేళ్లు దాటింది. ఈ మధ్యలో నెమ్ము రెండేసార్లు వచ్చింది, రెండూ వర్షాల్లోనే, రెండుసార్లూ తెమడ పచ్చబడిన రెండో రోజే వచ్చేసింది కాబట్టి ఇంట్లోనే మాత్రలతో తగ్గింది. రెండుసార్లూ తెమడ టీబీకి పంపాను, ఎందుకంటే ట్రాకియల్ బ్రాంకస్ ఉన్నంత మాత్రాన టీబీ రాదని ఎక్కడా లేదు. నెగెటివ్ వచ్చాయి. కిందటి నెల సీటీలో బ్రాంకియెక్టసిస్ కొంచెం కూడా పెరగలేదు. ఆపరేషన్ మాట మళ్లీ ఎత్తితే, పెళ్లిళ్ల సీజన్, ముప్పై జాకెట్లు ఒప్పుకున్నాను, తర్వాత చూద్దాం సార్ అంది. స్కాన్ ఫిల్ములు పక్కన పెట్టి ఈసారి ముందు సీడీ ఇచ్చింది.